బడి వాటా

భోగాపురం నుంచి సముద్రం వైపు వెళ్ళే ఆటో సరుగుడు తోటల దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇసుకలో నడవాలి. చెప్పులు చేత్తో పట్టుకుంటేనే సుఖం. టీచరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని బడికి రావడం ఆ ఊళ్ళో ఎవరికీ వింత కాదు. నాకు ముందు పనిచేసిన మేస్టార్లందరూ అలాగే వచ్చారట.

ఊరంతా చేపల వేట మీద బతికేవాళ్ళే. బడి అంటే ఒక గది, ఒక వరండా, ఒక టీచరు. ఆ టీచరు నేను. శృంగవరపుకోట దగ్గర వరీ చోళ్ళూ పండించే ఇంట్లో పుట్టినదాన్ని. ఆ ఊరికి వేసేదాకా నాకు సముద్రం అంటే కార్తీకమాసంలో స్నానానికి వెళ్ళే చోటు, అంతే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అడిగీ అడిగీ అలిసిపోయిన వయసులో అక్కడికి వచ్చాను. భోగాపురంలో ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే ఆటో ఎక్కేదాన్ని.

చేరిన కొత్తలో ఒక రోజు బడి తలుపు తీస్తే ఒక్క పిల్లా లేదు. చూస్తే అందరూ ఒడ్డున ఉన్నారు. పెద్దవల వేశారు. పడవ మీద వలను సముద్రంలోకి తీసుకెళ్ళి, చుట్టూ తిప్పి వేసి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెచ్చి, ఊరు ఊరంతా రెండు వరసలుగా నిలబడి లాగుతారు. పిల్లలు వరస చివర తాడు తోక పట్టుకుని తెగ బరువు లాగుతున్నట్టు మొహాలు పెట్టి ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇసుకలోకి వెళ్ళి ఒక్కొక్కరినీ పేరు పెట్టి తిట్టాను. ఎవరూ నా వైపు చూడలేదు. నా అరుపు కంటే వాళ్ళు తాడు లాగుతూ పాడే పాటే గట్టిగా ఉంది. చేసేదేమీ లేక అక్కడే నిలబడ్డాను. వల ఒడ్డుకు చేరగానే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే తడి బట్టలతో పరిగెత్తుకు వచ్చి బళ్ళో కూర్చున్నారు.

అప్పటి నుంచి వల రోజున గంట ఆలస్యంగా కొట్టేదాన్ని. సాయంత్రం ఆ మేరకు ఎక్కువసేపు కూర్చోబెట్టేదాన్ని. పైవాళ్ళు అడిగితే చూద్దాంలే అనుకున్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని ఆ ఇసుకలో నడిచి వచ్చే పైవాళ్ళు ఎవరూ లేకపోయారు.

పిల్లల్ని తిట్టిన ఆ రోజే వాటాల సంగతి కూడా తెలిసింది. చేపలు ఇసుక మీద పోసి కుప్పలు పెడతారు. వల పెట్టినవాళ్ళకి ఒకటి, పడవకి ఒకటి, తాడు లాగినవాళ్ళందరికీ తలా ఒకటి, అమ్మవారికి ఒకటి, లాగలేని ముసలివాళ్ళకి ఒకటి, బడికి ఒకటి. బడికి అంటే బళ్ళో చెప్పేవాళ్ళకి. ఎప్పుడో జీతమైనా సరిగా రాని కాలంలో వచ్చిన మొదటి మేస్టారి దగ్గర మొదలైందట. ఊరి పెద్ద, అప్పటికే తల నెరిసిన మనిషి, తాటాకు బుట్ట నిండా నెత్తళ్ళు పోయించి తనే తెచ్చాడు. సర్కారు ఉద్యోగిని, ఇలాంటివి తీసుకోకూడదు అని చెప్పబోయాను. మా బళ్ళో పిల్లలకు భోజనం వండే ఆమె నా వెనకే నిలబడి నేను నోరు తెరవకముందే నా మోచెయ్యి గిల్లింది.

"పట్టుకోండమ్మా. ముందు పట్టుకోండి."

పట్టుకున్నాను. చీరకు నీళ్ళు కారకుండా చేతులు చాచి, పాము పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. ఊరంతా నవ్వింది. తర్వాత్తర్వాత నాకే కవ్వలకీ కానాగంతలకీ తేడా తెలిసింది. బుట్ట నడుముకు ఆనించుకుని ఆటో ఎక్కడం వచ్చేసింది.

ఇంకో సంగతి కూడా ఆ రోజుల్లోనే చూశాను. నా దగ్గర చదివే ఇద్దరు పిల్లల తండ్రి గుజరాత్ బోట్ల మీద పనికి కుటుంబంతో సహా వెళ్ళిపోతున్నాడు. వెళ్ళే రోజు పొద్దున అందరితో పాటు తాడు లాగాడు. వాటా దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ జోడించి, "నాకొద్దు" అన్నాడు. ఎవరూ తీసుకోమని బలవంతం చెయ్యలేదు. పాపం, రైల్లో చేపలు ఎక్కడ పెట్టుకుంటాడులే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఊరంతా వాళ్ళని సరుగుడు తోటల దాకా సాగనంపింది.

సిస్టర్ల బడి వ్యాను మా వైపు రావడం మొదలుపెట్టాక నా కథ మారింది. హైవే పక్కన ఎప్పటి నుంచో ఉన్న ఇంగ్లీషు మీడియం బడి అది. తెల్ల చీరల సిస్టర్లు నడుపుతారు. మొదటి ఏడాది మా ఊరి నుంచి ఇద్దరే ఎక్కారు. మరుసటి ఏడు వ్యానులో సగం మా పిల్లలే. అప్పుడే విమానాశ్రయం కబుర్లు మొదలయ్యాయి. ఆటోలో ఎవరు ఎక్కినా అదే మాట. ఇంగ్లీషు రాకపోతే రేపు ఆ గేటు దగ్గర కాపలాకి కూడా నిలబెట్టరని ఎవరో చెప్పారు. ఆ మాట ఇసుక దాటి ఊళ్ళోకి వెళ్ళింది.

నెలనెలా జరిగే మా టీచర్ల మీటింగులో కూడా ఇదే రామాయణం. ఒకాయన మతం పేరు చెప్పి కళ్ళెర్రజేశాడు. ఇంకొకాయన సిస్టర్లను పొగిడాడు. వాళ్ళది దేవుడి పని, అందుకే అంత అంకితభావం, మనది జీతం పని అన్నాడు. నాకు కోపం ఆగదు. "నేను ఏ దేవుడికీ మొక్కుకుని రాలేదండీ, పరీక్ష రాసి వచ్చాను. అయినా నా బళ్ళో ఏ పిల్ల ఏ అక్షరం దగ్గర ఆగిపోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. దాన్నేమంటారు మరి?" అన్నాను. అంతటితో ఆపలేదు. "ఇంతకీ మీ అబ్బాయి ఏ బళ్ళో చదువుతున్నాడు?" అని అడిగాను. అబ్బాయి ఆ సిస్టర్ల బళ్ళోనే ఉన్నాడు. ఆయన తాపీగా, "మీకు పిల్లల్లేరు కాబట్టి తేలిగ్గా మాట్లాడతారు మేడమ్" అన్నాడు. తర్వాత అందరూ ఉప్మా తిన్నారు. నేను తినలేకపోయాను.

ఆ వేసవిలో ఊరు కూర్చుంది. ఆ ఊళ్ళో ఏదైనా అందరూ కూర్చుని తేల్చుకుంటారు. తేల్చింది కట్టుబాటు. దాన్ని ఎవరూ దాటరు. ఊరి పెద్ద ఆ సాయంత్రం బడికి వచ్చి, వరండా మెట్టు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"ఒకింట్లో గుంటలు వ్యానెక్కుతన్నారు. పక్కింట్లో గుంటలు ఏడుస్తన్నారు. దాని మీద ఆడోళ్ళు దెబ్బలాటలు. ఎల్తే అందరూ ఎల్లాల, నేకపోతే ఒక్కరూ ఎల్లకూడదు అనీసేం. అందరూ ఎల్లడానికే ఒప్పుకున్నారమ్మా."

"మరి నేను?"

"మీకేటమ్మా! మీ జీతం మీకు వస్తాది కదా. ఇన్నాళ్ళూ మా గుంటల్తోటి గొంతు సించుకున్నారు. ఇంక సుకంగా కూకోండి. మీకు సానా ఇబ్బంది పెట్టీసేం."

ఎగతాళి కాదు. ఆయన మొహంలో నిజంగానే సంతోషం ఉంది. ఒక మనిషికి బరువు దించామన్న సంతోషం. నా మీద కోపంతో పిల్లల్ని తీసేసుకుని ఉంటే నేను పోట్లాడేదాన్ని. ప్రేమగా తీసేసుకున్నారు, దానికేం చెయ్యను?

పిల్లల్లేని బడికి రోజూ వెళ్ళాలి. సర్కారు లెక్కలో బడి ఉంది కాబట్టి టీచరు ఉండాలి. తలుపు తీసేదాన్ని. రాత్రి గాలికి లోపలికి వచ్చిన ఇసుక ఊడ్చేదాన్ని. బోర్డు మీద తేదీ రాసేదాన్ని. తర్వాత ఏమీ ఉండేది కాదు. కుర్చీలో కూర్చుంటే ఎదురుగా ఖాళీ నేల కనిపిస్తోందని పిల్లలు కూర్చునే చోట గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. అక్కడి నుంచి చూస్తే బోర్డు ఎంత ఎత్తులో ఉందో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆ పిల్లలు మెడలు పట్టేయకుండా ఎలా చదివారో. ఒక రోజు ఊరికే గొంతెత్తి ఎక్కం చెప్పాను. బదులు పలికేవాళ్ళు లేక గోడలు నా గొంతునే తిరిగి ఇచ్చాయి. భయమేసి ఆపేశాను. ఒంటరిగా ఉండటం నాకు కొత్తేం కాదు. గదిలో ఒక్కదాన్నే వండుకుని ఒక్కదాన్నే తిన్నదాన్ని. కానీ అది రాత్రి పూట ఒంటరితనం. పగటి పూట ఒంటరితనం వేరు. దాన్ని తట్టుకోలేకపోయాను.

సాయంత్రం నేను ఆటో కోసం సరుగుడు తోటల దగ్గర నిలబడే వేళకే వ్యాను వచ్చి ఆగేది. పిల్లలు బూట్లతో దిగేవాళ్ళు. దిగగానే బూట్లు విప్పి చేత్తో పట్టుకునేవాళ్ళు. నన్ను చూసి అందరూ ఒకేసారి "గుడ్ ఈవినింగ్ మిస్" అనేవాళ్ళు. ఇంతకు ముందు వీళ్ళే అర మైలు దూరం నుంచి "టీచరమ్మో" అని కేక పెట్టేవాళ్ళు. నేనూ "గుడ్ ఈవినింగ్" అనేదాన్ని.

అయినా వల పడ్డ రోజు బడి వాటా రావడం ఆగలేదు. వంటామె తెచ్చి ఇచ్చేది. పిల్లలు పోవడంతో ఆమె వంట పని కూడా పోయింది. ఇప్పుడు చేపలు ఎండబెడుతోంది. ఆమె కొడుకూ వ్యాను ఎక్కుతున్నాడు. నా మీద జాలి పడేది గానీ కట్టుబాటు మీద మాత్రం ఒక్క మాట పడనిచ్చేది కాదు. బుట్ట నా పక్కన పెట్టి, కాసేపు కూర్చుని, "తినండమ్మా, సిక్కిపోనారు" అని వెళ్ళిపోయేది. నేను ఆ బుట్టను పట్టుకునే వేలాడాను. వాటా వస్తోందంటే ఇంకా నేను ఈ ఊరి టీచర్నే అనుకున్నాను. ఆ చేపలు వండుకుంటే ఒక్కోసారి ఏడుపు వచ్చేది.

ఒకరోజు సెలవు పెట్టి సిస్టర్ల బడికి వెళ్ళాను. కొందరు పిల్లల కాగితాలు ఇవ్వాలన్నది వంక. అసలు పని తప్పులు వెతకడం. గేటు, పూల కుండీలు, ఊడ్చిన వరండా, వరసగా బూట్లు. కిటికీలోంచి చూస్తే ఒక పెద్ద సిస్టర్ పాఠం చెబుతోంది. మా ఊరి పిల్ల ఒకతె బల్ల మీద తల పెట్టి నిద్రపోతోంది. తెల్లవారుజామున తాడు లాగి ఉంటుంది. కొడుతుందేమో, గోడ వైపు నిలబెడుతుందేమో చూద్దాం అని కాచుకుని నిలబడ్డాను. సిస్టర్ బల్ల దగ్గరికి వచ్చింది. పిల్ల తల కింద నలిగిపోతున్న పుస్తకాన్ని మెల్లగా లాగి పక్కన పెట్టి, గొంతు తగ్గించి పాఠం చెప్పుకుంటూ పోయింది. నాకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

తర్వాత టీ ఇచ్చింది. మలయాళపు యాసలో తెలుగు మాట్లాడింది.

"మీ ఊరి పిల్లలు కొన్ని రోజులు అందరూ ఒకేసారి మానేస్తారు. దండించాం, తల్లిదండ్రులను పిలిచాం. లాభం లేదు. మీరు ఏం చేసేవారు?"

"వల ఒడ్డుకు వచ్చాక గంట కొట్టేదాన్ని."

ఆమె నవ్వబోయి ఆగింది. "మాకు చాలా ఊళ్ళ పిల్లలు. ఒక్క ఊరి వల కోసం గంట ఆపలేం కదా."

"అవును, ఆపలేరు."

ఎన్నాళ్ళు ఇక్కడ ఉంటారని అడిగాను. పైనుంచి లెమ్మంటే లేవాలి, ఎక్కడికి అని అడగకూడదు అంది. ఇంటికి వెళ్ళి ఎంత కాలమైందంటే లెక్క కట్టుకోవడానికి కిటికీ వైపు చూసి, చెప్పకుండా వదిలేసింది. నా కుటుంబం గురించి ఆమె అడిగింది. నేనూ కిటికీ వైపు చూశాను. ఆమెను చూడక ముందు నాకు తిట్టుకోవడానికైనా ఒక మనిషి ఉండేది. ఆ రోజు తర్వాత అదీ లేదు.

మరుసటి జూన్‌లో బళ్ళు తెరిచాక మండలం అధికారి పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. ఒక్క పిల్ల చేరినా బడి ఉంటుంది. ఎవరూ లేకపోతే ఈ నెలాఖరుతో మూసేస్తారు, నన్ను మా ఇంటి వైపే, శృంగవరపుకోట దగ్గర బడికి వేస్తారు. అందరూ అదృష్టమన్నారు. సొంత ప్రాంతం, తారు రోడ్డు, పిల్లలున్న బడి. నాకు మాత్రం ఆ ఇసుకలో బడే కావాలి. ఎందుకంటే చెప్పడం కష్టం. నన్ను చూడగానే నవ్విన ఊరు అదొక్కటే. అక్కడ నాకు ఒక వాటా ఉంది. ఇంకెక్కడా లేదు.

ఎండలో ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ప్లాస్టిక్ కుర్చీ వేశారు, కూల్‌డ్రింకు తెప్పించారు. పిల్లను మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

నెల చివరలో పెద్దవల పడింది. నేనే ఒడ్డుకు వెళ్ళాను. చేపలు కుప్పలు పెట్టారు. ఊరి పెద్ద బడి వాటా బుట్టలో వేయించి నా వైపు వచ్చాడు. అందరి ముందూ అడిగితే కాదనలేరు అని రాత్రంతా కూడబలుక్కున్న మాట అనేశాను.

"నాకీ వాటా వద్దు. పిల్లల్లేని బడికి వాటా దేనికి? చేపలొద్దు, ఒక్క పిల్లని ఇవ్వండి."

ఊరి పెద్ద చేతిలో బుట్ట అలాగే ఉండిపోయింది. ఒక ముసలామె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నా వైపు చూసి, "అలగేనమ్మా" అన్నాడు. బుట్ట కింద పెట్టలేదు, నాకు ఇవ్వలేదు. వెనక్కి తీసుకెళ్ళిపోయాడు.

అలాగే అన్నాడు! నేను బడికి వెళ్ళి గది మొత్తం కడిగాను. సుద్దముక్కలు కొత్తవి తీసి పెట్టాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్ర పట్టింది.

రెండు రోజుల తర్వాత పొద్దున ఆటో దిగేసరికి వంటామె సరుగుడు తోటల దగ్గర నా కోసం కాచుకుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఎంత మాట అనీసేరమ్మా! ముందు నాకైనా సెప్పొద్దా?"

"ఏమన్నాను? పిల్లని అడిగాను."

"వాటా ఒద్దన్నారు కదా. మా ఊళ్ళో వాటా ఒద్దంటే ఊరు ఒద్దన్నట్టే. ఊరొగ్గేసి ఎల్లిపోయేవోళ్ళే అలగంతారు. ఆ రోజు గుజరాత్ ఎల్లినోడు అన్నాడు కదా, మీరు సూడలేదేటి?"

చూశాను. రైల్లో చేపలు ఎక్కడ పెట్టుకుంటాడులే అనుకున్నాను.

బడి దగ్గరికి వెళ్ళేసరికి ఊరంతా అక్కడే ఉంది. డప్పు ఉంది. కొబ్బరికాయ, చీర, పసుపు కుంకుమ పళ్ళెంలో పెట్టి ఉన్నాయి. ఆ రోజు ఎవరూ పిల్లల్ని వ్యాను ఎక్కించలేదు. గది నిండా పిల్లలు, వరండా నిండా పిల్లలు. నేను నెలంతా అడుక్కున్నది ఒక్క పిల్లని. ఇప్పుడు అందరూ వచ్చారు, నన్ను పంపించడానికి.

ఊరి పెద్ద నా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరు ఉంతారనే అనుకున్నామమ్మా. జీతం మీకు, వాటా మీకు, ఎప్పటికీ ఇక్కడే ఉంతారని. మీరే ఒద్దనీసేరు. మనసు కట్టంగానే ఉన్నాది, గానీ మీ మాట మీది."

నా మాట అది కాదని చెబుదామని నోరు తెరిచాను. చెబితే ఏమవుతుంది? బడి మూసేదాకా ఖాళీ గదిలో కూర్చోబెట్టి చేపలు పంపిస్తారు. పిల్లని మాత్రం ఇవ్వలేరు. ఒక్క పిల్లను తెంపి ఇవ్వడం వాళ్ళకి చేతకాదు, వాళ్ళు అన్నీ కలిసి లాగేవాళ్ళు. నేను నోరు మూసుకుని చీర అందుకున్నాను. పిల్లల మధ్యలోంచి నడిచి, బోర్డు మీద తేదీ రాశాను. అలవాటు మరి.

డప్పు కొట్టుకుంటూ సరుగుడు తోటల దాకా తీసుకొచ్చారు. వ్యాను అక్కడే ఆగి ఉంది. పిల్లలెవరూ రాకపోయేసరికి పెద్ద సిస్టర్ స్వయంగా వచ్చినట్టుంది. ఏదో పండగనుకుని నవ్వుతూ దిగింది. ఎండకు తల మీద కొంగు సర్దుకుంటూ నన్ను గుర్తుపట్టింది. నన్ను సాగనంపుతున్నారని ఎవరో చెబితే నవ్వు ఆపేసింది.

ఆ పొద్దున కూడా వల పడిందట. ఊరి పెద్ద తన మనవరాలి చేతిలోంచి తాటాకు బుట్ట తీసుకుని సిస్టర్ దగ్గరికి వెళ్ళాడు. "ఇది బడి వాటా అమ్మా. మా గుంటలకి సదువు సెప్పేవోళ్ళది. ఇంకనుంచి మీది."

సిస్టర్ రెండడుగులు వెనక్కి వేసి చేతులు అడ్డం పెట్టింది. "వద్దు వద్దు, మేము ఇలాంటివి తీసు..."

నేను జనాన్ని తోసుకుని వెళ్ళి ఆమె మోచెయ్యి గట్టిగా గిల్లాను.

"ఆ మాట అనకండి సిస్టర్. పట్టుకోండి. ముందు పట్టుకోండి."

ఆమె బిత్తరపోయి నా మొహంలోకి చూసి, బుట్ట అందుకుంది. తెల్ల చీరకు నీళ్ళు కారకుండా చేతులు చాచి పట్టుకుంది. ఊరంతా నవ్వింది. నేను ఆటో ఎక్కి కూర్చున్నాను.